ఫామ్‌హౌస్‌లో, హోమ్‌స్టేలో గాయపడితే: మొదటి గంట నుంచి కన్స్యూమర్ కమిషన్ దాకా ఏం చేయాలి

మొయినాబాద్ ఫామ్‌హౌస్‌లో మెట్ల మీద పడి కాలు విరిగింది, ఓనర్ ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. గోవా విల్లాలో గీజర్ షాక్ కొట్టింది, కేసు గోవాలోనే వేయాలా? బుక్ చేసింది మా బావ, దెబ్బ తగిలింది నాకు, నేను అడగొచ్చా? తరచూ వచ్చే ఈ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట, చేయాల్సిన వరుసలో జవాబులు రాస్తున్నాను.

చట్టం మన వైపే ఉన్నా, మొదటి రెండు మూడు రోజుల్లో కాగితం మీద సరిగ్గా పడని కేసు తర్వాత నిలబడటం కష్టం. అందుకే ఈ మొదటి రోజుల గురించే ఎక్కువ రాశాను. ప్రాణం పోయినా, వెన్నెముకకో తలకో పెద్ద దెబ్బ తగిలినా ఇది చదివి ఊరుకోకండి, మొదటి వారంలోనే లాయర్‌ని కలవండి.

## 1. మొదటి గంటలో

ముందు వైద్యం. 108కి ఫోన్ చేయండి. సొంత కారులో తీసుకెళ్లడమే త్వరగా అవుతుందంటే అలాగే వెళ్లండి, కానీ మెడకో నడుముకో దెబ్బ తగిలి ఉంటే మనిషిని మీరే ఎత్తి కదిలించొద్దు.

అందరూ కలిసి ఆసుపత్రికి పరుగెత్తకండి. ఒకరు అక్కడే ఉండాలి. మీరు గేటు దాటగానే కేర్‌టేకర్ నేల తుడిచేస్తాడు, పగిలిన టైల్ ముక్కలు ఊడ్చేస్తాడు, కాలిన ప్లగ్ పీకేస్తాడు. చెడ్డవాడై కాదు, అతని పని అది. సాయంత్రానికి అక్కడ ఏమీ జరగనట్టే ఉంటుంది.

## 2. క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాట

కేసులు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మా ఇంట్లోనూ ఇదే జరిగింది.

హైదరాబాద్ శివార్లలో ఒక ఫామ్‌హౌస్‌కి చుట్టాలందరం వెళ్లాం. వరండా నుంచి లాన్‌లోకి దిగే మూడు మెట్లకి లైటు లేదు, రెండో మెట్టు అంచు టైల్ ఊడిపోయి ఉంది. చీకట్లో పెద్దమ్మ అక్కడే పడింది, తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్ పెన్ను పట్టుకుని "ఎలా పడ్డారమ్మా?" అని అడిగాడు. పోలీస్ కేసు అంటారేమో అన్న భయంతో అన్నయ్య "ఇంట్లో బాత్రూంలో జారింది సార్" అనేశాడు. పక్కనే ఉన్న నేను నోరు మెదపలేదు. ఆ మాటే కేస్ షీట్‌లోకి ఎక్కింది. నెలల తర్వాత ఓనర్ తరఫు లాయర్ వేరే ఏ కాగితమూ తీయలేదు, ఆ ఒక్క లైనే చదివాడు.

కాబట్టి డాక్టర్ అడిగినప్పుడు ఈ నాలుగూ ఉన్నవి ఉన్నట్టు చెప్పండి:

- ఏ ఊళ్లో, ఏ ఫామ్‌హౌస్‌లో లేదా విల్లాలో
- ఎన్ని గంటలకు
- దేనివల్ల (ఊడిన మెట్టు, షాక్, విరిగిన రెయిలింగ్)
- మందు తాగి ఉంటే ఆ సంగతి కూడా. దాచినా వాసన వస్తోందని డాక్టర్ రాస్తాడు, అప్పుడు మీరు చెప్పిన మిగతాదీ నమ్మరు.

ప్రమాదం కాబట్టి మెడికో లీగల్ కేసు, అంటే ఎంఎల్‌సీ, నమోదు చేయమని అడగండి. ఎంఎల్‌సీ అయితే మిమ్మల్ని స్టేషన్ చుట్టూ తిప్పుతారన్న భయం వద్దు. ఆసుపత్రి పోలీసులకు సమాచారం పంపుతుంది, వాళ్లు వచ్చి వాంగ్మూలం తీసుకుంటారు. మీకు అంతకంటే మంచి ఆధారం దొరకదు.

ఇప్పటికే తప్పు చెప్పేసి ఉంటే: అదే రోజు లేదా మర్నాడు మెడికల్ సూపరింటెండెంట్‌కి ఒక ఉత్తరం రాయండి. కంగారులో తప్పు చెప్పామని, అసలు ప్రమాదం ఫలానా చోట జరిగిందని, దాన్ని అదనపు నోట్‌గా చేర్చమని అడగండి. పాత రాత కొట్టేయమని అడగొద్దు, దిద్దిన కేస్ షీట్ ఇంకా పెద్ద తలనొప్పి. ఉత్తరం కాపీ మీద ఆసుపత్రి స్టాంపు వేయించుకోండి. 108లో వెళ్లి ఉంటే ఎక్కడి నుంచి ఎక్కించారన్నది వాళ్ల రికార్డులో ఉంటుంది, అదీ సంపాదించండి.

డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే సరిపోదు, పూర్తి కేస్ షీట్ కాపీకి రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని వైద్యుల వృత్తి నియమావళి (2002) చెబుతోంది.

## 3. చోటు మారకముందే ఆధారాలు

ఫోన్‌లో వీడియో ఆన్ చేసి గేటు దగ్గర నుంచి నడుచుకుంటూ ప్రమాదం జరిగిన చోటిదాకా వెళ్లండి, మధ్యలో కట్ చేయొద్దు. అది ఏ ఇల్లో, ఆ మెట్టు ఎక్కడుందో చూసేవాళ్లకి అనుమానం ఉండకూడదు. తర్వాత దగ్గర నుంచి ఫోటోలు. పక్కన టేపు గానీ స్కేలు గానీ పెట్టి తీయండి. టేపు లేకపోతే నీళ్ల బాటిల్ పెట్టినా సైజు తెలుస్తుంది. రాత్రి జరిగితే ఫ్లాష్ లేకుండా కూడా ఒకటి తీయండి. ఫ్లాష్‌తో తీసిన ఫోటోలో అక్కడ లైటు లేదన్న సంగతే కనిపించదు.

ప్రమాదాన్ని బట్టి వెతకాల్సినవి మారతాయి.

మెట్లు, నేల: ఊడిన టైల్, పాచి, చేతిపట్టు లేకపోవడం, లైటు స్విచ్ ఎక్కడుందో.

స్విమ్మింగ్ పూల్: లోతు అంకెలు రాసి ఉన్నాయా, లైఫ్‌గార్డ్ ఉన్నాడా, ట్యూబు, తాడు ఉన్నాయా, నీళ్లు అడుగు కనిపించనంత మురికిగా ఉన్నాయా.

కరెంట్ షాక్: గీజర్ మోడల్, ప్లగ్, మెయిన్ బోర్డులో షాక్ తగలగానే ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉందా లేదా. విద్యుత్ ప్రమాదాల మీద విద్యుత్ చట్టం (2003) సెక్షన్ 161 కింద ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్‌తో విచారణ జరిపించే వీలుంది. కరెంటు ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. ఎర్తింగ్ లేదని ఇన్‌స్పెక్టర్ రాస్తే ఓనర్ ఇంక వాదించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

గ్యాస్ గీజర్: స్నానానికి వెళ్లినవాళ్లు బాత్రూంలోనే స్పృహ తప్పితే కార్బన్ మోనాక్సైడ్ అనుమానం ఉందని డాక్టర్‌కి వెంటనే చెప్పండి. రక్తపరీక్ష ఆలస్యమయ్యేకొద్దీ ఆ విషం ఆనవాళ్లు తగ్గిపోతాయి. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉన్నాయో లేవో ఫోటో తీయండి.

అందరికీ పనికొచ్చే చెక్‌లిస్ట్:

- బుకింగ్ కన్ఫర్మేషన్, డబ్బు కట్టిన యూపీఐ లేదా బ్యాంకు రికార్డు
- లిస్టింగ్ పేజీ (యాప్‌లో ఆ ఇంటి గురించి రాసిన పేజీ) మొత్తం స్క్రీన్‌షాట్లు. "పిల్లలకు సురక్షితం" లాంటి మాటలు ఉంటే తప్పకుండా. రేపు ఆ పేజీ మారిపోవచ్చు.
- చూసినవాళ్ల పేర్లు, నంబర్లు. మీ బంధువులు కానివాళ్లు ఒక్కరున్నా చాలా విలువ.
- సీసీ కెమెరా ఉంటే ఫుటేజ్ చెరపొద్దని ఆ రోజే మెసేజ్
- ఆ రోజు వేసుకున్న చెప్పులు, బట్టలు ఉతక్కుండా ఒక కవర్లో

ఫోటోలు వాట్సాప్‌లో పంపుకుని ఒరిజినల్స్ డిలీట్ చేయడం చాలామంది చేసే తప్పు. వాట్సాప్ సైజు తగ్గించేస్తుంది, ఫోటో తీసిన తేదీ, సమయం వివరాలు పోతాయి. తీసిన ఫోన్‌ని, అందులోని ఒరిజినల్ ఫైళ్లని కేసు అయ్యేదాకా ఉంచండి.

## 4. ఓనర్‌కీ ప్లాట్‌ఫామ్‌కీ రాతలో చెప్పండి

ఫోన్‌లో ఎంత మాట్లాడినా, ఆ రోజే ఒక మెసేజ్ కూడా పెట్టండి. తిట్లు, బెదిరింపులు వద్దు. ఇలా రాస్తే చాలు:

"ఈ రోజు రాత్రి 8.30కి మీ ఫామ్‌హౌస్ వరండా మెట్ల మీద, రెండో మెట్టు టైల్ ఊడి ఉండటం, లైటు లేకపోవడం వల్ల మా పెద్దమ్మ పడి తుంటి విరిగింది. ఆసుపత్రిలో చేర్చాం. ఆ చోటు ఫోటోలు పంపుతున్నాం. సీసీ కెమెరా ఫుటేజ్ భద్రపరచండి. మీకు ఇన్సూరెన్స్ ఉంటే ఆ వివరాలు పంపండి."

"అయ్యో, ఆ టైల్ వేయించాలనుకుంటూనే ఉన్నామండీ" అని అటునుంచి జవాబు వస్తే, ముందే తెలిసి కూడా బాగుచేయలేదని వాళ్లే ఒప్పుకున్నట్టు.

యాప్ ద్వారా బుక్ చేసి ఉంటే యాప్ లోపలే ఫిర్యాదు పెట్టండి, గ్రీవెన్స్ ఆఫీసర్‌కి ఈమెయిల్ కూడా చేయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఇంకో ముఖ్యమైన హక్కు: అమ్మినవాళ్ల, అంటే ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చిన హోస్ట్, వివరాలూ చిరునామా మీరు రాతపూర్వకంగా అడిగితే ప్లాట్‌ఫామ్ ఇవ్వాలి. చాలామంది దగ్గర ఓనర్ మొదటి పేరు, ఒక ఫోన్ నంబర్ తప్ప ఏమీ ఉండవు, నోటీసు ఎక్కడికి పంపాలో తెలియదు. ఈ హక్కు అక్కడ ఆదుకుంటుంది.

ఇన్సూరెన్స్ సంగతి మర్చిపోవద్దు. ఉదాహరణకి ఎయిర్‌బీఎన్‌బీ తన హోస్ట్‌లకు 10 లక్షల డాలర్ల దాకా లయబిలిటీ ఇన్సూరెన్స్ (అతిథికి గాయమైతే హోస్ట్ తరఫున పరిహారం కట్టేది) ఉందని ప్రకటిస్తుంది. మీ బుకింగ్‌కి అది వర్తిస్తుందా, క్లెయిమ్ ఎలా పెట్టాలి అని నేరుగా రాసి అడగండి.

## 5. ఏ దారిలో వెళ్లాలి

మూడు దారులున్నాయి. పోలీసుల దారి పట్టినా పరిహారం దారి మూసుకుపోదు.

కన్స్యూమర్ కమిషన్, అంటే వినియోగదారుల కోర్టు. చాలామందికి ఇదే సరైనది. డబ్బు తీసుకుని బస ఇచ్చినవాళ్లు అది సురక్షితంగా ఉండేలా చూడకపోతే వినియోగదారుల రక్షణ చట్టం (2019) కింద అది సేవాలోపం. బుక్ చేసింది మీ బావ అయినా, ఆయన సమ్మతితో ఆ సేవ వాడుకున్న మీరూ వినియోగదారులే. గోవాలో పడినా, కూర్గ్‌లో పడినా మీరు ఉండే జిల్లాలో, లేదా ఉద్యోగం చేసే జిల్లాలో ఫిర్యాదు చేయొచ్చు. కరీంనగర్ వాళ్లు కరీంనగర్‌లోనే వేసుకోవచ్చు. గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి రెండేళ్లు.

స్నేహితుడి ఇంట్లో ఊరికే ఉండి పడితే ఈ దారి లేదు, డబ్బు ఇచ్చి తీసుకున్న సేవ అయితేనే.

పోలీసులు. నిర్లక్ష్యం వల్ల ఇతరులకు గాయమైతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 125. ఎముక విరిగితే తీవ్ర గాయం కింద లెక్క, మూడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. ప్రాణం పోతే సెక్షన్ 106. ఇంటికి తిరిగొచ్చేసినా మీ దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వొచ్చు, వాళ్లే సంబంధిత స్టేషన్‌కి పంపుతారు. తీసుకోకపోతే ఎస్పీకి లేదా కమిషనర్‌కి పోస్టులో పంపండి. చిన్న దెబ్బలకి ఈ దారి పట్టమని నేను చెప్పను. ఎముక విరిగినా, షాక్ కొట్టినా, పూల్‌లో మునిగినా తప్పకుండా ఇవ్వండి. పోలీసులు చేసే పంచనామా మీ కన్స్యూమర్ కేసుకీ బలం.

సివిల్ కోర్టు. నష్టపరిహారం దావా. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, టైమూ ఎక్కువ పడుతుంది. సాక్షుల్ని చాలామందిని విచారించాల్సిన చిక్కు కేసుల్లో లాయర్ చెబితేనే వెళ్లండి.

## 6. ఎవరెవరిని పార్టీలుగా చేర్చాలి

ఇంటి ఓనర్, నడిపేవాళ్లు (ఇప్పుడు చాలా విల్లాల్ని వేరే కంపెనీలు నడుపుతున్నాయి), బుకింగ్ ప్లాట్‌ఫామ్. ముగ్గురినీ చేర్చండి. "మేం మధ్యవర్తులం మాత్రమే" అని ప్లాట్‌ఫామ్ తప్పకుండా అంటుంది. ఆ మాట కమిషన్ ముందు చెప్పుకోనివ్వండి. మీ అంతట మీరే ముందు వదిలేయకండి.

ఆ ఇంటికి అనుమతి ఉందో లేదో ఆర్‌టీఐ పెట్టి పంచాయతీనో మున్సిపాలిటీనో పర్యాటక శాఖనో అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. గోవాలో అయితే టూరిస్టులకు ఇచ్చే బసలు పర్యాటక శాఖ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలని 1982 నాటి చట్టమే ఉంది.

## 7. ఎంత అడగాలి

నోటికొచ్చిన అంకె వేయకండి, ఒక పట్టిక రాసుకోండి:

- ఇప్పటిదాకా ఆసుపత్రి, మందులు, ఫిజియోథెరపీ బిల్లులు
- ముందు ముందు కావాల్సిన వైద్యం. డాక్టర్ చేత అంచనా రాయించుకోండి.
- పోయిన జీతం లేదా వ్యాపారం: పే స్లిప్పులు, సెలవు లెటర్, ఐటీ రిటర్న్స్
- ఇంట్లో చూసుకోవడానికి పెట్టిన మనిషి జీతం. ఇంట్లోవాళ్లే ఉద్యోగం మానుకుని చూసుకుంటే అదీ రాయండి.
- శాశ్వత లోపం ఉంటే ప్రభుత్వ మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మన దగ్గర సదరం సర్టిఫికెట్ అనేది
- నొప్పి, మానసిక వేదన
- కట్టిన అద్దె, కేసు ఖర్చులు

ఇంటిపని చేసుకునే ఆడవాళ్లకి ఆదాయ నష్టం లేదని వదిలేస్తుంటారు. పెద్దమ్మ విషయంలో మేమూ అలాగే చేశాం, ఇప్పటికీ బాధగా ఉంది. ఆమె ఆరు నెలలు వంటింట్లోకి రాలేదు, ఆ పనికి మనిషిని పెట్టుకున్నాం. ఆ ఖర్చు నష్టమే.

## 8. నోటీసు, ఆ తర్వాత ఫిర్యాదు

లీగల్ నోటీసు చట్టప్రకారం తప్పనిసరి కాదు కానీ పంపడం మంచిది. ఏం జరిగింది, ఎంత ఖర్చయింది, ఎంత కావాలి, 15 రోజుల గడువు. రెండు పేజీలు దాటొద్దు. స్పీడ్ పోస్టులో, ఈమెయిల్‌లో పంపి డెలివరీ రిపోర్ట్ దాచుకోండి. 1915కి ఫోన్ చేసి నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లోనూ నమోదు చేయొచ్చు. వాళ్లు ఆర్డర్లు ఇవ్వరు గానీ పెద్ద కంపెనీలైతే అక్కడ కదులుతాయి.

ఫిర్యాదుని కన్స్యూమర్ కమిషన్ల ఆన్‌లైన్ సైటు ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు. లాయర్ తప్పనిసరి కాదు.

ఫీజు గురించి చాలామందికి తెలియని సంగతి ఇది. ఏ కమిషన్‌కి వెళ్లాలి, ఫీజు ఎంత అన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి ఉండదు, మీరు సేవకి కట్టిన డబ్బుని బట్టి ఉంటుంది. 50 లక్షల దాకా కడితే జిల్లా కమిషన్. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండు రోజులకి 18 వేలు కట్టి, 20 లక్షల పరిహారం అడిగినా జిల్లా కమిషనే, ఫీజు సున్నా.

ఫైల్‌లో ఈ వరుసలో పెట్టండి:

1. తేదీల వారీగా జరిగింది, ఒక పేజీ
2. ఫిర్యాదు, అఫిడవిట్
3. బుకింగ్, చెల్లింపు
4. ఫోటోలు, తేదీలతో
5. కేస్ షీట్, బిల్లులు, ఎంఎల్‌సీ లేదా ఎఫ్ఐఆర్
6. మెసేజ్‌లు, నోటీసు, డెలివరీ రిపోర్ట్
7. పరిహారం పట్టిక

కమిషన్ పంపిన నోటీసు అందాక ఎదుటివాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు. ఆ తర్వాత వాళ్ల జవాబు తీసుకోరు. కాబట్టి వాళ్లకి నోటీసు అందిన తేదీ క్యాలెండర్‌లో రాసుకోండి. మూడు నుంచి అయిదు నెలల్లో తేల్చాలని చట్టం అంటుంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. వీడియో కాన్ఫరెన్స్‌లో హాజరవుతామని అడగొచ్చు. మంచం మీద ఉన్నవాళ్లకి అది పెద్ద ఊరట.

ఖర్చు భరించలేకపోతే 15100కి ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని ఇస్తుంది.

## 9. ఎదుటివాళ్లు చెప్పేవి, మీ జవాబులు

"మీ రిస్క్ మీదే అని బోర్డు పెట్టాం." ఢిల్లీలో ఒక హోటల్ పార్కింగ్ నుంచి 1998లో కారు పోయింది. స్లిప్ మీద "ఓనర్ రిస్క్" అని ఉన్నా, తన నిర్లక్ష్యం నుంచి హోటల్ తప్పించుకోలేదని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అది కారు కేసే అయినా ఈ వాదనకి పనికొస్తుంది.

"పూల్‌లో దిగింది వాళ్లే కదా." కోవళంలో కేరళ పర్యాటక సంస్థ హోటల్ పూల్‌లో 2006లో ఒక అతిథి మునిగి చనిపోయారు. పూల్ దగ్గరుండాల్సిన లైఫ్‌గార్డ్‌కి బార్‌లో పని కూడా అప్పగించారు. జాతీయ కన్స్యూమర్ కమిషన్ 62.50 లక్షల పరిహారం వేసింది, 2019లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. లైఫ్‌గార్డ్ ఉన్నాడని వాళ్లంటే, ఆ సమయంలో అతను ఎక్కడున్నాడు, ఏం చేస్తున్నాడు అని అడగండి.

"ఆర్బిట్రేషన్‌కి ఒప్పుకున్నారు." అంటే గొడవ వస్తే కోర్టుకి బదులు మధ్యవర్తి దగ్గర తేల్చుకుంటామన్న షరతు. ఆ క్లాజు ఉన్నా కన్స్యూమర్ కమిషన్ తలుపు మూసుకుపోదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

"తాగి ఉన్నారు, వద్దన్నా దూకారు." నిజమైతే పరిహారం తగ్గొచ్చు, మొత్తం పోనూ పోవచ్చు. అబద్ధమైతే కేస్ షీట్ చూపించండి. నిజాయితీగా చెప్పాలంటే, అర్ధరాత్రి తాళం వేసిన పూల్‌లోకి గోడ దూకి దిగినవాళ్లకి నేను కేసు వేయమని చెప్పను.

## 10. రాజీకి వస్తే

ఓనర్ "అద్దె మొత్తం వాపసు వేస్తున్నాం" అంటాడు. తీసుకోండి, కానీ వెంటనే మెసేజ్ పెట్టండి: "ఇది అద్దె వాపసు మాత్రమే, గాయానికి పరిహారం కాదు." ఇక ఏ క్లెయిమూ లేదు అనే కాగితం మీద కట్టు విప్పకముందే సంతకం పెట్టకండి. విరిగిన ఎముక సరిగ్గా అతుక్కుందో లేదో కొన్ని వారాలు గడిస్తే గానీ తెలియదు.

"10 లక్షలు ఇవ్వకపోతే రివ్యూ పెడతా" అని మాత్రం ఎప్పుడూ రాయొద్దు, అది బెదిరించి డబ్బు గుంజినట్టవుతుంది. రివ్యూ పెట్టాలంటే జరిగింది జరిగినట్టు పెట్టండి, డబ్బుతో ముడిపెట్టకుండా.

కమిషన్ ఆర్డర్ వచ్చాక కూడా డబ్బు కట్టకపోతే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 71 కింద జప్తు, సెక్షన్ 72 కింద మూడేళ్ల దాకా జైలు అడగొచ్చు. వాళ్లు అప్పీలుకి వెళ్లాలంటే 45 రోజుల్లోపు, ఆర్డర్‌లోని మొత్తంలో సగం డిపాజిట్ చేసి వెళ్లాలి.

## 11. అమెరికాలో జరిగితే

పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నల్ని స్మోకీ మౌంటెన్స్ క్యాబిన్లకి తీసుకెళ్లడం మామూలే. అక్కడ మన చట్టం పనిచేయదు, సాధారణంగా ప్రమాదం జరిగిన రాష్ట్రం చట్టమే చూస్తారు. గాయాల దావాకి గడువు టెక్సస్‌లో, కాలిఫోర్నియాలో, న్యూజెర్సీలో రెండేళ్లు. స్మోకీ క్యాబిన్లు ఎక్కువగా ఉన్న టెనెస్సీలో ఒక్క ఏడాదే. అక్కడి గాయాల కేసుల లాయర్లు సాధారణంగా గెలిస్తేనే ఫీజు తీసుకుంటారు, అది తరచుగా వచ్చిన దాంట్లో సుమారు మూడో వంతు ఉంటుంది, మొదటి సంప్రదింపుకి చాలామంది ఏమీ తీసుకోరు. విజిటర్ ఇన్సూరెన్స్‌కి వెంటనే తెలియజేయండి, ఇన్సూరెన్స్ అడ్జస్టర్ (క్లెయిమ్‌ని పరిశీలించే కంపెనీ మనిషి) ఫోన్ చేసి రికార్డెడ్ స్టేట్‌మెంట్ ఇవ్వమంటే లాయర్‌తో మాట్లాడాకే అని చెప్పండి. అమ్మానాన్నలు ఇండియా విమానం ఎక్కకముందే లాయర్‌ని కలిపించి, అక్కడి ఆసుపత్రి రికార్డులు పూర్తిగా తీసుకోండి.